పాత పుస్తకాల కొట్టు: ఏ రకం పెట్టాలి, ఏ రకం వద్దనాలి

పాత పుస్తకాల కొట్టు పెడదామనుకుంటున్నానని మీరు ఉత్తరం రాశారు. కాకినాడ భానుగుడి దగ్గర్లో మీకు పదికి పన్నెండు అడుగుల గది దొరికింది, అద్దె నెలకి 6,000 అన్నారు. మీ నాన్నగారు వదిలివెళ్లిన 800 పుస్తకాలు ఉన్నాయి, చేతిలో లక్షన్నర ఉంది. "సాహిత్యం పెట్టనా, పోటీ పరీక్షలవి పెట్టనా, ఇంగ్లీషు నవలలా, లేక అన్నీ కొంచెం కొంచెమా?" అని అడిగారు. గుంటూరులో 23 ఏళ్లుగా పాత పుస్తకాల కొట్టు నడుపుతున్నాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

కొత్త పుస్తకాల షాపువాళ్లు కేటలాగు చూసి ఆర్డరు పెడతారు. మనకి ఆ వీలు లేదు. మన సరుకు ఊళ్లో ఇళ్లలోంచి వస్తుంది. ఇల్లు మారినప్పుడు, పెద్దాయన పోయినప్పుడు, అమ్మాయి బీటెక్ పూర్తయినప్పుడు సంచులు మన గుమ్మం ముందు దిగుతాయి. ఏం రావాలో మనం చెప్పలేం. వచ్చిన సంచిలోంచి ఏది ఉంచుకోవాలి, ఏది దణ్ణం పెట్టి తిప్పి పంపాలి అన్నదొక్కటే మన చేతిలో ఉంది. అందుకని ఏం పెట్టాలి అన్నదానికంటే ముందు ఏం వద్దనాలి అన్నది తేల్చుకోండి. నాకు తెలిసి మూతపడ్డ కొట్లలో చాలావాటికి సరుకు లేక కాదు, కదలని సరుకు నిండిపోయి ఊపిరాడలేదు.

ఒక లెక్క వేద్దాం. షట్టరు వైపు పది అడుగుల గోడ వదిలేస్తే మీకు 34 అడుగుల గోడ ఉంది. మీ బల్లకి నాలుగు అడుగులు పోతే 30. ఆరేసి అరలు వేస్తే మొత్తం 180 అడుగుల అర. 6,000 అద్దెని దీనికి పంచితే అడుగు అరకి నెలకి 33 రూపాయలు పడుతుంది. కరెంటు, మీ ఇంటి ఖర్చు కూడా కలిపితే ప్రతి అడుగూ నెలకి నూరు రూపాయలకి తక్కువ కాకుండా మిగల్చాలి. ఇక ఏ రకం పుస్తకాన్నయినా ఈ అడుగుతో కొలవండి. మామూలు తెలుగు నవలలు అడుగుకి 18 దాకా పడతాయి. 20కి కొని 55కి అమ్మి, నెలకి ఐదు కదిలితే 175 మిగులుతుంది. అదే అడుగులో ఎన్‌సైక్లోపీడియా సంపుటాలు ఎనిమిది పెట్టారనుకోండి, మూడేళ్లయినా అలాగే ఉంటాయి. బ్రిటానికావాళ్లు 2012లోనే అచ్చు ఆపేశారు. ఆ సెట్టుని ఎంతో ప్రేమగా ఆటోలో వేసుకుని తెస్తారు, ఒకప్పుడు జీతంలోంచి వాయిదాలు కట్టి కొన్నది కదా. నేను కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తాను, వాళ్లు చెప్పేది వింటాను, పుస్తకాలు మాత్రం తీసుకోను.

మీ కొట్టు అద్దెని మోయాల్సింది చదువుల పుస్తకాలే, అంటే కాలేజీవీ పోటీ పరీక్షలవీ. ఇందులో మొహమాటం అక్కర్లేదు. మీ ఊళ్లో జేఎన్‌టీయూ ఉంది, రంగరాయ మెడికల్ కాలేజీ ఉంది, పీఆర్ కాలేజీ ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా వచ్చే డబ్బే మిగతా ఏడాదిని నడుపుతుంది. కానీ నాలుగు డబ్బులు కళ్లజూపించేదీ ఇదే, నిండా ముంచేదీ ఇదే. ఎందుకంటే ఈ పుస్తకాలకి గడువు ఉంటుంది, ఆ గడువు అట్ట మీద రాసి ఉండదు. 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ ఒక్క రోజుతో నా దగ్గరున్న ఆంధ్రప్రదేశ్ జాగ్రఫీ, ఎకానమీ పుస్తకాలన్నీ పాతబడిపోయాయి. అంతకుముందు 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినప్పుడు అక్కడి కొట్లకీ ఇదే జరిగింది. ఇంటర్ మొదటి ఏడాది ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌కి మారాక పాత తెలుగు అకాడమీ పుస్తకాల గిరాకీ ఎలా పడిపోయిందో మీరే చూసి ఉంటారు.

నా చెయ్యి బాగా కాలింది లా పుస్తకాలతో. 2023 వేసవిలో ఒక రిటైర్డ్ లాయరుగారి ఇంట్లో ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం వ్యాఖ్యానాలు, అన్నీ మంచి బైండు పుస్తకాలు, 28,000 ఇచ్చి తెచ్చాను. లా కాలేజీ పిల్లలకి అమ్మేద్దామని లెక్క. అదే ఏడాది డిసెంబరులో వాటి స్థానంలో కొత్త చట్టాలు పార్లమెంటులో పాసయ్యాయి, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పిల్లలు పాతవాటి వైపు చూడడం మానేశారు. అంతకుముందు జరిగిన నేరాల కేసులు పాత చట్టం కిందే నడుస్తాయి కాబట్టి సీనియర్ లాయర్లు కొందరు వచ్చి ఒకటీ అరా పట్టుకెళ్లారు. 28,000లో ఇప్పటికి 11,000 వెనక్కి వచ్చింది. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో పాతబరచగలిగే పుస్తకం ఏదైనా సరే, ఆ సీజనుకి అమ్ముకోగలిగినన్నే కొంటాను. జూన్‌లో కొన్నది సెప్టెంబరుకి అమ్ముడుపోకపోతే కొన్న ధరకే వదిలేస్తాను.

చదువుల పుస్తకాల్లోనే గడువు లేనివి కొన్ని ఉన్నాయి. హెచ్.సి. వర్మ ఫిజిక్సు, గ్రేవాల్ ఇంజనీరింగ్ లెక్కలు, ఒకప్పుడు మాస్కో నుంచి వచ్చిన ఇరోడోవ్ ఫిజిక్సు లెక్కలు ఎప్పుడు పెట్టినా పోతాయి. బీటెక్‌వి తీసుకునేటప్పుడు ఏ రెగ్యులేషనువో, అంటే ఏ ఏడాది మొదలైన సిలబస్సువో అడగండి. ఆర్20 పిల్లవాడు అమ్మేది ఆర్23 పిల్లవాడికి పనికొస్తుందా అన్నది ఆ పిల్లల్నే అడిగితే నిమిషంలో చెబుతారు. మెడికల్‌లో అనాటమీ ఒక ఎడిషను వెనకదైనా మొదటి ఏడాది పిల్లలు తీసుకుంటారు, మనిషి ఒంట్లో ఎముకలు మారవు కదా. ఫార్మకాలజీ అలా కాదు, మందులు మారిపోతుంటాయి, పాత ఎడిషను ముట్టుకోకండి. కంప్యూటరు పుస్తకాల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను: సి లాంగ్వేజీ, డేటా స్ట్రక్చర్స్ తప్ప ఇంకేవీ వద్దు.

ఇక తెలుగు నవలలు. మీ ప్రశ్నలో వీటి ఊసే లేదు. నేనైతే రెండో స్థానం వీటికే ఇస్తాను. యద్దనపూడి, మాదిరెడ్డి, యండమూరి, మల్లాది, మధుబాబు: ఈ ఐదు పేర్లు అడగని వారం నా కొట్లో ఉండదు. చదివేవాళ్లు యాభై దాటినవాళ్లే ఎక్కువ, ఆడవాళ్లు మరీ ఎక్కువ. వాళ్లు ఒక్క పుస్తకం కొనరు, నాలుగైదు పట్టుకెళతారు, చదివి తిరిగి తెస్తారు. నేను అమ్మిన ధరలో సగానికి వెనక్కి తీసుకుంటానని మొదటి రోజునుంచీ చెబుతున్నాను. ఆ ఒక్క మాట మీద పదేళ్లుగా వచ్చేవాళ్లు ఉన్నారు. ఒకే నవల మీద నాలుగుసార్లు లాభం తీసిన సందర్భాలున్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చినవాళ్లు వాళ్ల అమ్మ చిన్నప్పుడు దాచుకున్న పుస్తకాల కోసం వెతుక్కుంటూ వస్తారు. వాళ్లు బేరం ఆడరు, కానీ కాపీ శుభ్రంగా ఉండాలి.

ఈ నవలల్లో చాలావాటి వెనక ఒక కథ ఉంది. ఒకప్పుడు మన ప్రతి ఊళ్లో అద్దె పుస్తకాల షాపులు ఉండేవి. అవి మూతపడ్డాక ఆ సరుకంతా మనలాంటివాళ్ల దగ్గరికి వచ్చింది. లోపలి అట్ట మీద షాపు ముద్ర, నంబరు ఉంటాయి, వీపు మీద గుడ్డ అతికించి ఉంటుంది. అవి గట్టి కాపీలే కానీ కొనేముందు చివరి ఫారం, అంటే ఆఖరి పదహారు పేజీల మడత చూడండి. వందమంది చేతులు మారిన డిటెక్టివ్ నవలలో పోయేవి ఆఖరి పేజీలే. చివరి పదహారు పేజీలు లేని నవల అమ్మితే ఆ మనిషి మళ్లీ మన గుమ్మం తొక్కడు.

నవలల్లోనే ఇంకోరకం ఉంది, దాన్ని చిత్తుకాగితాల్లో పోనివ్వకండి. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లని వారం వారం చింపి దాచి ఇంట్లోనే కుట్టుకున్న బైండులు. మొన్న వేసవిలో ఒకావిడ బియ్యం సంచిలో పాత గైడ్లతో పాటు ఇలాంటివి మూడు తెచ్చారు. పైన అట్ట లేదు, పెళ్లి శుభలేఖ అట్టనే కోసి అతికించారు. దబ్బనంతో, పురికొసతో కుట్టు. లోపల వారపత్రిక పేజీలు, ప్రతి భాగం మొదట్లో బాపుగారి బొమ్మ, వెనక పేజీలో తలనూనె ప్రకటన, పక్కన ఖాళీలో సన్నటి పెన్సిలు అక్షరాలతో "ఈ వారం రాలేదు, పక్కింటివాళ్లది తెచ్చి కుట్టాను" అని రాసి ఉంది. "అత్తయ్యగారివండీ, తూకానికి వేసేయమన్నారు" అన్నారావిడ. "అమ్మా, ఇవి తూకానికి కాదు" అని చెప్పి ఒక్కోదానికి 150 ఇచ్చాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. పుస్తకంగా వచ్చిన నవలలో ఆ బొమ్మలు ఉండవు కాబట్టి బొమ్మల కోసం వీటిని వెతికేవాళ్లు వేరే ఉన్నారు. రెండు నెలల్లో మూడూ పోయాయి. తూకం ధర ఇచ్చి ఉంటే నాకు లాభం ఎక్కువే వచ్చేది. కానీ ఆవిడ ఆ మాట ఇంకో పదిళ్లలో చెప్పారు, ఆ పదిళ్ల పుస్తకాలు నా దగ్గరికి వచ్చాయి. మనకి సరుకు ఇచ్చేవాళ్లే మన మొదటి ఖాతాదారులు, ఈ సంగతి మరవకండి.

పిల్లల పుస్తకాలకి బల్ల ఎత్తులో, కింది అరల్లో చోటివ్వండి, పిల్లల చెయ్యి అందాలి. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు ఇప్పుడు అన్నిటికంటే త్వరగా కదిలే సరుకు. విదేశాల నుంచి కంటైనర్లలో వచ్చి కిలోల లెక్కన అమ్మే పాత పుస్తకాలు ఉంటాయి కదా, మీ నాన్నగారి పుస్తకాల్లో లేనివాటికి పెట్టుబడి పెట్టాలంటే మొదట ఇక్కడ పెట్టండి. వేసవి సెలవులకి ముందు, ఏప్రిల్ మొదటివారంలో తెప్పించుకోండి. చందమామ మాత్రం పిల్లల అరలో పెట్టొద్దు. 1947లో మొదలైన ఆ పత్రిక పాత సంచికలు ఇప్పుడు కొనేది పిల్లలు కాదు, అరవై ఏళ్లవాళ్లు. విడి సంచికలు ప్లాస్టిక్ కవర్లో వేసి మీ వెనక అరలో పెట్టుకోండి. ఏడాదికేడాది బైండు దొరికితే తొందరపడి విప్పి అమ్మకండి.

మిగతా పత్రికలు దాదాపు అన్నీ వద్దు. నేషనల్ జియోగ్రాఫిక్ ఎవరూ పారేయరు, ఎవరూ కొనరు. పైగా ఆర్ట్ పేపరు, మీది సముద్రం పక్క ఊరు, ఒక్క తుపానుకి తేమ పట్టి పేజీలు అతుక్కుపోతాయి. భారతి సంచికలు మాత్రం ఎప్పుడు కనిపించినా తీసుకోండి. 1924 నుంచి 1991 దాకా వచ్చిన పత్రిక అది, తెలుగులో పరిశోధన చేసే పిల్లలు ఇప్పటికీ అడుగుతారు.

భక్తి పుస్తకాల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఇవి ఎవరూ చెత్తలో వెయ్యలేరు, చిత్తుకాగితాలవాడికి ఇవ్వాలన్నా చెయ్యి రాదు. అందుకని "డబ్బులొద్దు బాబూ, ఉంచుకోండి చాలు" అని తెచ్చి పెట్టి వెళతారు. ఊరికే వస్తున్నాయి కదా అనుకుంటే ఏడాదిలో ఇరవై అడుగులు నిండిపోతాయి. వ్రతకల్పాలు, స్తోత్రాలు కొత్తవే గీతాప్రెస్‌వాళ్లు ఎంతో తక్కువకి ఇస్తున్నారు, పాతది ఎవరు కొంటారు? పైగా పూజకి వాడేది కొత్తదే ఉండాలనుకునేవాళ్లు ఎక్కువ. నేను గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె పెట్టి "ఎవరికి కావాలన్నా ఉచితంగా తీసుకోవచ్చు" అని రాశాను, అలాంటివన్నీ అందులోకి వెళతాయి, వారానికి సగం ఖాళీ అవుతుంది. కానీ ప్రతిపదార్థ తాత్పర్యాలతో ఉన్న భారత భాగవత రామాయణాలు, ఉపనిషత్తుల వ్యాఖ్యానాలు, శాస్త్రగ్రంథాలు వేరే లెక్క. అవి నెమ్మదిగా పోతాయి, కానీ తప్పకుండా పోతాయి, మంచి ధరకి పోతాయి. జ్యోతిషం, హోమియోపతి మందుల గుణాలు చెప్పే మెటీరియా మెడికా కూడా ఇలాగే. పంచాంగం మాత్రం ఉగాది దాటితే కాగితమే.

సాహిత్యం గురించి మీరు ఎంత ఆశగా రాశారో చదివాను. నేనూ అందుకోసమే ఈ వ్యాపారంలోకి వచ్చినవాణ్ణి. శ్రీశ్రీ, చలం, కొడవటిగంటి, రంగనాయకమ్మ ఎప్పుడూ అరలో ఉండాలి, ఇవి అడిగే కుర్రాళ్లు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. సోవియట్ యూనియన్ రోజుల్లో ప్రగతి, రాదుగ, మీర్ ప్రచురణాలయాలు అచ్చేసిన తెలుగు పుస్తకాలు 1991 తర్వాత రావడం ఆగిపోయాయి కాబట్టి దొరికినవన్నీ తీసుకోండి. చిన్నపిల్లల కథలైనా, పెరెల్మాన్ సైన్సు అయినా సరే. సొంతంగా అచ్చేసుకున్న కవితాసంపుటాలు చాలా వస్తాయి. ఒక్కొక్కదాని మొదటి పేజీలో కవి సంతకం, "సహృదయులకు" అని ఉంటుంది. వాటిలో మంచివి ఉంటాయి, చదివి చూసి మీకు నచ్చిన పది మాత్రం ఉంచండి. ఆ పదింటిని మీరే చేతిలో పెట్టి అమ్మాలి, అరలో ఉంటే ఎవరూ తీయరు. మీకిష్టమని రాసిన సైన్స్ ఫిక్షన్‌కి కూడా ఇదే మాట, నాలుగడుగులు ఇవ్వండి చాలు.

ఇంగ్లీషు థ్రిల్లర్లు ఇరవై ఏళ్ల కిందట నా కొట్టుని నిలబెట్టాయి. ఇప్పుడు అవి అడిగేవాళ్లు తగ్గిపోయారు. కుర్రాళ్లు అడిగేది జీవితంలో ఎదగడం గురించి, డబ్బు గురించి చెప్పే పుస్తకాలు. వీటి దగ్గరే దొంగ ప్రింట్లు కుప్పలుగా వస్తాయి. అట్ట మీద అక్షరాలు అలుక్కుపోయినట్టుంటాయి, కాగితం పల్చగా బూడిదరంగులో ఉంటుంది, పేజీ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, తెరిస్తే వీపు దగ్గర గమ్ము చిట్లుతుంది. 60కి ఇస్తామని గోతాల్లో తెస్తారు. తీసుకోవద్దు. అసలు పుస్తకం పాతది అమ్ముకోవడం మన హక్కు, దొంగ ప్రింటు అమ్మడం నేరం. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. చట్టం మాట పక్కన పెట్టినా, పుస్తకం మీద బతుకుతూ రాసినవాళ్ల కడుపు కొట్టకూడదు.

అందుకని మీ 180 అడుగుల్ని నేనైతే ఇలా మొదలుపెడతాను: చదువులవి 60, తెలుగు నవలలు 45, పిల్లలవి 25, సాహిత్యం, చరిత్ర, జీవితచరిత్రలు కలిపి 25, ఇంగ్లీషు 15, నిఘంటువులూ శాస్త్రగ్రంథాలూ 10. సెప్టెంబరులో చదువుల అరలు సగం ఖాళీ అవుతాయి, అక్కడికి నవలలు జరపండి, మళ్లీ మేలో వెనక్కి సర్దండి. ఇది మొదటి ఆరు నెలలకే. ఆ తర్వాత నా లెక్క వినక్కర్లేదు, మీ ఊరే చెబుతుంది. అది చెప్పేది వినడానికి రెండు పనులు చేయాలి.

ఒకటి, కొన్న ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల మూలన పెన్సిలుతో నెల, సంవత్సరం, కొన్న ధర వెయ్యండి. నేను "6/24–20" అని వేస్తాను. ఆరు నెలలకోసారి అరల ముందు స్టూలు వేసుకుని కూర్చుని వెనక అట్టలు తిప్పి చూస్తే ఏ అర నిద్రపోతోందో గంటలో తెలిసిపోతుంది. ఏడాది దాటింది సగం ధరకి, ఏడాదిన్నర దాటింది ముందు బల్ల మీద 20 రూపాయలకి. పెన్నుతో మాత్రం రాయొద్దు.

రెండోది, బల్ల మీద ఒక నోటుబుక్కు. ఎవరైనా వచ్చి మన దగ్గర లేనిది అడిగితే ఆ పేరు, తేదీ రాయండి, కావాలంటే వాళ్ల ఫోన్ నంబరు కూడా. అమ్మిన పుస్తకాల లెక్క ఉన్నవాటి గురించే చెబుతుంది. ఈ నోటుబుక్కు లేనివాటి గురించి చెబుతుంది. 2019లో వరుసగా నాలుగు నెలలు హోమియోపతి పుస్తకాలు అడిగినవాళ్ల పేర్లు పదకొండు కనబడ్డాయి నాకు. అప్పటిదాకా అవి వస్తే తిప్పి పంపేవాణ్ణి. ఇప్పుడు వాటికి మూడడుగులు ఇచ్చాను, ఆ మూడడుగులూ ఎన్నడూ అద్దె ఎగ్గొట్టలేదు.

మీ నాన్నగారి పుస్తకాల సంగతి చివరికి ఉంచాను. అన్నీ ఒక్కసారి అరల్లో పెట్టేయకండి. ముందు ఇంట్లోనే ఒక జాబితా రాసి, మీరు దగ్గర ఉంచుకోవాలనుకున్నవి తీసి పక్కన పెట్టుకోండి. కొట్టు తెరిచాక ఏ సాయంత్రమో ఎవరో ఆయన సంతకం ఉన్న పుస్తకం పట్టుకుని "ఎంత?" అని అడిగితే మీ నోట మాట రాదు, నేను అనుభవించాను. మీరు రాసిన నాలుగైదు పేర్లలో సూర్యరాయాంధ్ర నిఘంటువు విడి సంపుటాలు రెండు, అందులో ఒకటి మూడోది అన్నారు. పిఠాపురం రాజావారి పేరున ఆంధ్ర సాహిత్య పరిషత్తు వేసిన నిఘంటువు అది, పరిషత్తు ఉన్న ఊరు మీది కాబట్టి ఇలాంటివి అక్కడి పాత ఇళ్లలో ఇంకా దొరుకుతాయి. సెట్టు కాదని చవగ్గా వదిలేయకండి. నా నోటుబుక్కులో తెనాలి మాస్టారు ఒకరు రెండేళ్లుగా ఉన్నారు. ఆయన దగ్గర మూడో సంపుటం తప్ప మిగతావన్నీ ఉన్నాయి. మీకు అమ్మే ఉద్దేశం ఉంటే ఆ సంపుటం అట్ట, అచ్చు సంవత్సరం ఉన్న పేజీ ఫోటో తీసి పంపండి, ఆయనకి ఈ రాత్రే ఫోన్ చేస్తాను.